మూడో సిలిండర్

మొన్న మన్నెగూడ చౌరస్తాలో, మిట్టమధ్యాహ్నం, షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఉంటే పక్కన ఒక పాత కారు వచ్చి ఆగింది. రంగు వెలిసిపోయి, ముందు బంపర్ ఊడిపోకుండా ఇనుప తీగ చుట్టి ఉంది. దాన్ని ముందు నేను చూడలేదు, విన్నాను. మామూలు బండి నిలబడి ఉన్నప్పుడు చప్పుడు చదునుగా ఉంటుంది. ఇది అలా లేదు. నడుస్తూ నడుస్తూ ఒక అడుగు కాస్త బరువుగా వేసే మనిషి ఉంటాడే, అలా ఉంది. "ఒకటి, రెండు, నాలుగు, ఐదు, మూడు" అని నా నోరు దానంతటదే అనేసింది. పక్కన కూర్చున్న కూరగాయలావిడ నన్నొకసారి చూసి, గంపను తన ఒళ్ళోకి లాక్కుంది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. అనుకోనీ.

లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని నేను. రెండు తర్వాత మూడే వస్తుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వరస మార్చి నా నోట్లో పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఉన్నాడు అనకూడదు. పోయిన వానాకాలంలో పోయాడు. భూస్థాపన కూడా అయిపోయాక, పాత విద్యార్థి ఒకడు ఫోన్‌లో రాశాడు, "మేడమ్, సిలిండర్ సార్ పోయారట" అని. స్పృహ తప్పాననో, గుండె పగిలిందనో చెప్పను. ఆ రోజు బీరకాయ కూర మాడ్చాను. మాడిన కూరే తిన్నాను.

పిల్లలు ఆయనకు పెట్టిన పేరు అది, సిలిండర్ సార్. ఇబ్రహీంపట్నం దగ్గర మేమిద్దరం పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. నేనూ ఇక్కడ రాయను. ఆ రోజుల్లో సాగర్ రోడ్డు పొడవునా రెండే పంటలు పండేవి, ఒకటి ప్లాట్లు, రెండోది ఇంజనీరింగ్ కాలేజీలు. నిన్న జొన్న చేను ఉన్నచోట ఇవాళ నాలుగంతస్తులు లేచేవి. మాది తెనాలి వైపు. ఆ జోరు చూసే మా నాన్న బడంగ్‌పేట్ వచ్చి సిమెంటు కొట్టు పెట్టాడు. నేను కాలేజీ బస్సెక్కాను.

ఆయన్ని మొదట చూసింది ఆ బస్సులోనే. వెనక సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఈయన మాత్రం డ్రైవర్ పక్కన, ఇంజన్ మూత దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట నూనె తుడుచుకునే నూలు పీచు ఉంది. పాపం, మొహమాటపడుతున్నాడేమో అనుకుని, "సీట్లున్నాయి కదండీ, కూర్చోండి" అన్నాను.

"ఈడైతే ఇంజన్ మంచిగ ఇనొస్తది మేడమ్" అన్నాడు.

సరే, ఇదొక రకం అనుకున్నాను. నాకప్పుడు అంతకంటే ఏమీ అనిపించలేదు. తర్వాత అనిపించినదానికి ఆ ఒక్క మాటే మొదలని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయనది మహేశ్వరం వైపు పల్లె. ఆ ఊళ్ళో మొదటి క్రైస్తవ కుటుంబాల్లో వాళ్ళదొకటి. తల్లి పోయింది. ఒక చెల్లెలు, ఇబ్రహీంపట్నంలోనే, బస్టాండు వెనక ఉండేది. ఆయన గురించి ఇంతకంటే వివరాలు చెప్పాలని నాకు లేదు. ఏ ఊరు, ఏ చదువు అని చెబితే మనిషి కళ్ళ ముందుకు రాడు. టిఫిన్ డబ్బా గురించి చెబితే వస్తాడు.

కాలేజీ వెనక రేకుల షెడ్డు ఆయన ల్యాబ్. పొద్దున పరీక్ష ఇంజన్ నడిపించేటప్పుడు స్టీలు టిఫిన్ డబ్బాను దాని మూత మీద, సరిగ్గా ఎక్కడ పెడితే అదిరి పడిపోదో అక్కడ పెట్టేవాడు. మధ్యాహ్నానికి పుంటికూర పొగలు కక్కుతుండేది. మా ఇంటి గోంగూర పచ్చడి, ఆయన పుంటికూర ఒకే ఆకని నాకు అక్కడే తెలిసింది. కిరోసిన్ వాసన వస్తుందని మిగతా లెక్చరర్లు ఆ పక్కకే వచ్చేవాళ్ళు కాదు. నేను వెళ్ళేదాన్ని. వాసన వచ్చేది, నిజమే. రెండు ముద్దలు తిన్నాక తెలిసేది కాదు.

ఆ షెడ్డు గోడకు ఒక పెద్ద చెక్క పలక ఉండేది. దాని మీద మేకులు, మేకులకు పానాలు, సుత్తులు, కటింగ్ ప్లేయర్లు. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారంలోనే పసుపు రంగు గీత గీసి ఉంటుంది. ఏదైనా తీస్తే దాని బొమ్మ ఖాళీగా మిగులుతుంది. ఎవరు ఏది అడిగినా ఇచ్చేసేవాడు. తిరిగి మాత్రం అడిగేవాడు కాదు. ఒకసారి ఎలక్ట్రికల్ ఆయన ఒక ప్లేయర్ పట్టుకుపోయి సెమిస్టరంతా తేలేదు. నాకు ఒళ్ళు మండింది.

"వెళ్ళి అడగండి సార్, ఆయన బల్ల మీదే ఉంది, నేను చూశాను."

"నేనెందుకు అడగాలె మేడమ్. ఖాళీ జాగ అడుగుతది."

నిజంగానే ఒకరోజు ఆ ఎలక్ట్రికల్ ఆయన ఇంకేదో పనికి వచ్చి, గోడ మీద ఖాళీ గీత చూసి, వెళ్ళి తెచ్చి తగిలించాడు. ఈయన చూసీ చూడనట్టు టీ తాగుతున్నాడు. గెలిచినట్టు మొహం పెట్టినా నాకు అంత కోపం వచ్చేది కాదు. అదీ లేదు.

ఒక్క పనిముట్ల విషయంలోనే అయితే సరిపోను. మనిషి మొత్తం అంతే. బస్సులో సీటు అడగడు. ప్రమోషన్ అడగడు. అన్నంలో ఉప్పు తక్కువైతే ఉప్పడగడు, అలాగే తింటాడు. "అడగందే అమ్మయినా పెట్టదు సార్, మా వైపు సామెత" అన్నాను ఒకసారి.

"మా అమ్మ పెట్టేది మేడమ్. గిన్నె ఖాళీగుంటె సాలు" అన్నాడు.

నేను నా డబ్బాలో ఉన్న రెండో అప్పడం ఆయన మూతలో వేశాను. అడగకుండానే.

ఆ షెడ్డు గోడ మీద, పలకకు ఎదురుగా, ఆయన స్వయంగా రంగులతో వేసిన బొమ్మలు మూడుండేవి. యూరప్‌లో ఉత్తరాన ఎక్కడో చలి దేశంలో ఒక కార్ల కంపెనీ చేసిన ఇంజన్లట. ఒకదానికి నాలుగు సిలిండర్లు, ఒకదానికి ఐదు, ఒకదానికి ఆరు. మూడూ ఒకే పోలిక. నాకేం అర్థమవుతుంది? "ఇందులో విశేషమేంటి సార్" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, క్లాసు పోయింది.

"మన దగ్గర బంతి భోజనం ఉంటది గద మేడమ్" అని మొదలుపెట్టాడు. "నలుగురొస్తే నలుగురికి ఆకులేస్తం. ఇంకొకలొస్తే ఇంకో ఆకేస్తం. ఆకు మారది, కూర మారది, బంతి పెరుగుతది, గంతే. వీళ్ళు ఇంజన్ గట్ల చేసిన్రు. ఒక్క సిలిండర్ మంచిగ కుదుర్చుకున్నరు. చిన్న బండికి నాలుగు, పెద్దదానికి ఐదు, ఇంకా పెద్దదానికి ఆరు. లోపలి సామాన్ మస్తు వరకు ఒక్కటే. దీంట్లది తీసి దాంట్ల పెట్టొచ్చు. అందరు వేరే వేరే ఇంజన్లు చేసుడు ఎర్కనే. గిట్ల ఆలోచన చేసుడు ఎంత మంచిగుంటది చూడుండ్రి."

బొమ్మలు చూస్తూ చెబుతున్నాడు కానీ చూపు బొమ్మల మీద లేదు. చుట్టాలు దూరాన ఉన్నవాడి చూపులా ఉంది. "ఈ అన్నదమ్ముల్ల ఒక్కన్నన్న ఈ షెడ్డుల చూడాలె" అన్నాడు. దేవుణ్ణి తప్ప ఎవర్నీ ఏమీ కోరని మనిషి నోట అది విన్నాను కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

దేవుడు విన్నాడు. కానీ ఆయన పంపిన తీరు చూడాలి.

పక్క ఊరి రైతు ఒకాయన పొలం ప్లాట్ల వాళ్ళకు అమ్మి, ఆ కంపెనీ కారే, ఐదు సిలిండర్లది, సిటీలో ఎవరో వాడి అమ్మినది కొనుక్కున్నాడు. పండగ ముందు రోజు కారు కడగాలి కదా. పుట్టి పెరిగిన దగ్గర్నుంచి బర్రెల్ని ఎక్కడ కడిగాడో, ట్రాక్టర్‌ని ఎక్కడ కడిగాడో అక్కడికే తీసుకుపోయాడు. ఇంజన్ ఆపలేదు. ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, ఆ కారును మెల్లగా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులోకి దించాడు. బంపర్ మునిగేదాకా పాట వినిపించిందట. ఆ తర్వాత లోపల ఏదో ఫట్ మంది.

కంపెనీ షోరూం వాళ్ళు చెప్పిన ఖర్చు విని ఆ రైతు ఎవరో చెబితే మా కాలేజీకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"బర్రెల్ని కడిగిన. ట్రాక్టర్ కడిగిన. దీన్ని కడిగితే ఏమైంది సారు? నీళ్ళకు గింత భయపడేదాన్ని బండంటరా?"

సిలిండర్ సార్ నవ్వలేదు. నేను నవ్వు ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

"గాలిని ఒత్తితే ఒదుగుతది పటేలా" అన్నాడు చాలా మర్యాదగా. "నీళ్ళు ఒదుగయి. ఇంజన్ గాలనుకోని ఒత్తింది. నీళ్ళు ఒదుగక, నడుమ కడ్డీ వంగింది. ఒక్కటే వంగింది, మూడో సిలిండర్‌ది. తక్కినయి మంచిగున్నయి. ఫికర్ చెయ్యకు."

రైతు ఎందుకు ఫికర్ చేస్తాడు, ఆయనకు అప్పటికే ఆ కారంటే విరక్తి పుట్టింది. వేరే ఇంజన్ వేయించుకుంటాడో, తుక్కు కింద అమ్ముకుంటాడో, ఏదైనా సరే, "ఈ ఇంజన్ మాత్రం నువ్వే ఉంచుకో సారు, దాని మొకం నాకు చూపెట్టకు" అని ట్రాక్టర్ మీద వేయించి పంపించాడు. అది షెడ్డులోకి దిగిన రోజు సిలిండర్ సార్ మధ్యాహ్నం అన్నం తినలేదు. డబ్బా పెట్టడానికి ఇంజన్ మూత మీద చోటే చూడలేదు.

ఇక్కడే ఒక బెంచీ సంగతి చెప్పాలి. ఐదు సిలిండర్లు ఏ వరసలో మండుతాయో పిల్లలకు చెప్పడానికి ఆయన పద్ధతి ఒకటుండేది. పొడుగాటి బెంచీ మీద ఐదుగుర్ని కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చోమనేవాడు. ముందు ఒక చివర నుంచి వరసగా లేపేవాడు, బెంచీ రెండో వైపు ఒరిగిపోయి పిల్లలు కిందపడినంత పనయ్యేది. తర్వాత అసలు వరస చెప్పేవాడు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు, మూడు. బెంచీ కదిలేది కాదు.

ఒకరోజు నేను సుద్దముక్క కోసం వెళ్ళాను. బెంచీ మీద నలుగురే ఉన్నారు. నడుమ ఖాళీ. ఆయన పిల్లల్లో ఎవర్నీ పిలవడం లేదు. నన్నూ పిలవలేదు. సుద్దముక్క చేత్తో పట్టుకుని ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాడు. క్లాసంతా నన్ను చూస్తోంది. ఇదిగో, ఇలాంటప్పుడే నాకు ఒళ్ళు మండేది ఆ మనిషి మీద. మండుతూనే వెళ్ళి కూర్చున్నాను.

"మూడో నంబరు ఆఖరికి లేస్తది" అన్నాడు పిల్లలతో. "ఆఖరికి అంటే తక్కువ కాదు. నడుమ కూసున్నది అదే. అది లేవకుంటె మల్ల ఒకటో నంబరు లేవనీకి లేదు."

ఒకటి లేచింది. రెండు లేచింది. నన్ను దాటి నాలుగు లేచింది, ఐదు లేచింది. అప్పుడు నేను. మళ్ళీ ఒకటి. నలభైమంది చప్పట్లు కొడుతున్నారు. లెక్కల మేడమ్ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేస్తూ కూర్చుంటోంది. కాసేపటికి సిగ్గు పోయింది. వరస ఒంటికి పట్టింది. జీవితంలో నేను అంత తేలిగ్గా మళ్ళీ ఎప్పుడూ లేవలేదు.

వంగిన కడ్డీకి బదులు కొత్తది ఎక్కడ దొరుకుతుంది? ఆదివారాలు చర్చి కాగానే సిటీలో గుజిరీకి, అదే, పాత సామాన్ల బజారుకు పోయేవాడు. ఎవరో పరదేశం నుంచి తెచ్చుకుని వదిలేసిన కారు, అదే కంపెనీది, నాలుగు సిలిండర్ల ఇంజన్, ముక్కలు ముక్కలై అక్కడ పడి ఉందట. దాంట్లోంచి ఒక పిస్టన్, కడ్డీతో సహా తెచ్చాడు. కొలతలు చూశాడు, చూసి మళ్ళీ చూశాడు. మూడో దాంట్లో పెట్టాడు. ఆ రోజు నన్ను రమ్మని పిలవలేదు, షెడ్డు తలుపు తెరిచి పెట్టాడు. నేను వెళ్ళాను.

ఇంజన్ అందుకుంది. మొదట దగ్గింది, పొగ వదిలింది, తర్వాత ఆ నడక మొదలైంది. ఆయన రెండు చేతులూ నూలు పీచుతో తుడుచుకుంటూ వింటున్నాడు.

"నాలుగూ ఈ ఇంటియే" అన్నాడు ఇంజన్ వైపే చూస్తూ. "నడిమిది వేరే ఇంటి నుంచొచ్చింది. అయినా ఎట్ల కలిసిపోయిందో చూడుండ్రి మేడమ్. ఎక్కడన్న తేడా ఇనొస్తుందా?"

"లేదు" అన్నాను.

"నాక్కూడ ఇనొస్తలేదు" అన్నాడు.

అప్పటికి నేను చిన్నపిల్లను కాదు. తెనాలి వైపు నుంచి వచ్చినదాన్ని, ఆంధ్రా మేడమ్‌ని, హిందువుల ఇంటి పిల్లను. ఆయన ఏమిటో, ఏ ఊరో ముందే చెప్పాను. ఏ ఇంటి సంగతి మాట్లాడుతున్నాడో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఇష్టమేనా అని అడిగి ఉంటే, ఆ ఇంజన్ చప్పుడులోనే, ఇష్టమే అని అరిచి చెప్పేదాన్ని.

అడుగుతాడా?

మా ఇంట్లో ఒప్పుకునేవాళ్ళా అంటే, కొన్నాళ్ళు గొడవ చేసి ఒప్పుకునేవాళ్ళు. అమ్మ ఏడ్చేది. నాన్నకు నా నోరంటే భయం. ఆ దారంతా నేను మనసులో చదును చేసి పెట్టుకున్నాను. ఈయన వచ్చి ఒక్క మాట అనడమే తక్కువ.

తర్వాత మెకానికల్ వైపు పిల్లలు రావడం తగ్గిపోయింది. అందరికీ కంప్యూటర్లే కావాలి. సిటీలో అద్దాల మేడలు లేస్తున్న కొద్దీ మా షెడ్డులో బెంచీలు ఖాళీ అయ్యాయి. చివరికి ఆ బ్రాంచి ఎత్తేశారు. షెడ్డు ఉన్నచోట క్యాంటీను కడతామన్నారు. పరీక్ష ఇంజన్లు తుక్కుకు పోయాయి. ఈ ఒక్కదాన్నీ తీసుకుపోతానంటే సరే అన్నారు. చెల్లెలింటి పెరట్లో పెడతానన్నాడు. మోయడానికి వీలుగా విప్పాడు.

ఆఖరి రోజు వెళ్ళేసరికి గోడ మీద పలక ఉంది, పనిముట్లు లేవు. అన్నీ పసుపు గీతలే. ఆయన ఒక పాత బనీను గుడ్డలో చుట్టిన బరువైనదేదో నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే మూడో సిలిండర్ పిస్టన్, కింద కడ్డీతో సహా. చుట్టూ ఉండే రింగులు తీసేసి ఉన్నాయి. నూనె రాసి, తుడిచి, మెరుస్తోంది.

"ఇది మీ దగ్గరుండనీ మేడమ్."

"ఎన్నాళ్ళు?"

ఆయన గోడ వైపు చూశాడు. నేనూ చూశాను. బయట ట్రాలీ ఆటో వాడు హారన్ కొడుతున్నాడు.

నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. ఎందుకంటారా? ఈ మొహమాటపు మనిషికి మా గడప తొక్కడానికి ఒక వంక దొరికిందనుకున్నాను. పిస్టన్ కోసం వచ్చానంటాడు, నాన్న కూర్చోమంటాడు, అమ్మ కాఫీ ఇస్తుంది, తర్వాత సంగతి నేను చూసుకుంటాను. అలా ఎదురుచూశాను. అమ్మ ఆ పిస్టన్‌ను ఆవకాయ జాడీ మూతి మీద గుడ్డ ఎగిరిపోకుండా బరువుగా పెట్టింది. నేను వంటింట్లో అంత గొంతు పెట్టుకుని అరవడం అదే మొదటిసారి. "ఇనప ముక్కకు ఇంత రాద్ధాంతమా" అంది అమ్మ. ఇనుము కాదమ్మా, అల్యూమినియం అన్నాను. ఇంకేం చెప్పను?

ఆయన రాలేదు.

ఒక్కసారి కనిపించాడు. చాలా ఏళ్ళ తర్వాత, ఇబ్రహీంపట్నం బస్టాండులో. ఏదో పాలిటెక్నిక్‌లో చేరాడట. కణతల దగ్గర జుట్టు నెరిసింది. జేబులో నూలు పీచు మాత్రం ఉంది.

"మంచిగున్నరా మేడమ్?"

"బాగున్నాను సార్. మీరు?"

"ఉన్న."

బడంగ్‌పేట్ వైపు బస్సు వచ్చి, మనుషుల్ని దింపుతోంది. ఇంక ఉండబట్టలేక నేనే అన్నాను. "నన్ను ఏమన్నా అడగాలా సార్?"

ఆయన నవ్వాడు. ఎంత మంచి నవ్వో. "నేనెప్పుడన్న ఎవర్నన్న ఏదన్న అడిగిన్నా మేడమ్?"

నేను బస్సెక్కాను. కోపంతో కిటికీ వైపు కూడా కూర్చోలేదు. ఓ మనిషీ, అడిగితే నీ సొమ్మేం పోయింది? ఈ మాట ఆ బస్సులో అనుకున్నాను, ఆ తర్వాత కూడా అనుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు రాస్తున్నప్పుడూ అనుకుంటున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆయన వల్లే అంటే అబద్ధం. ఆయన వల్ల కాదంటే ఇంకా పెద్ద అబద్ధం. ఆయనా చేసుకోలేదని మాత్రం ఎవరో చెబితే విన్నాను.

మన్నెగూడలో ఆ కారు చప్పుడు విన్న తర్వాత ఆదివారం, పిస్టన్ సంచిలో వేసుకుని ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఆయన లేడు కాబట్టి ఆయన వస్తువు ఆ ఇంటికి చేర్చాలి, అంతే అనుకున్నాను. బస్టాండు వెనక సందులో చెల్లెలి ఇల్లు దొరికింది. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచీర కూడా మార్చుకోలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"లెక్కల మేడమా?"

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"అన్న చెప్పేటోడు. రాండ్రి అక్క, లోపలికి రాండ్రి."

నేను సంచిలోంచి గుడ్డ మూట తీశాను. ఆమె దాన్ని చూసింది, నా మణికట్టు పట్టుకుని పెరట్లోకి నడిపించింది. నీళ్ళ డ్రమ్ము పక్కన, రెండు దిమ్మల మీద ఇంజన్ ఉంది. పైన పాత రబ్బరు షీటు, దాని మీద బోర్లించిన వెడల్పాటి బేసిన్. ఆమె రెండూ తీసింది.

ఐదు గుండ్రాలు. నాలుగింటిలో పిస్టన్లు కూర్చునే ఉన్నాయి, ఎన్ని వానలు చూశాయో, పైన దుమ్ము, మసి, మరకలు పేరుకుపోయి ఉన్నాయి. నడుమది ఖాళీ. ఆ ఖాళీ గుండ్రం గోడలు మాత్రం నిన్ననే చేసినట్టు మెరుస్తున్నాయి. వంగి చూస్తే నూనెలో నా ముఖం వంకరగా కనిపించింది.

"ప్రతి ఐతారం ఇంతే అక్క. చర్చి నుంచి రాంగనే, అన్నం గూడ తినకముందు, ఆ నడిమి దాంట్ల నూనె రాసేటోడు. తక్కినయి చూసేటోడు కాదు. అన్న, అది ఎవరి దగ్గరుందో పోయి అడగరాదా అని నేను మస్తుసార్లు అన్న. ఖాళీ జాగ అడుగుతది, నేనెందుకు అడగాలె అనేటోడు. ఇగ ఆయన పోయినంక నేనే రాస్తున్న. ఎందుకో తెల్వదు. ఆపబుద్ధి కాలే."

నిజమే సార్. ఖాళీ జాగా అడుగుతుంది. ఎలక్ట్రికల్ ఆయన్ని అడిగింది, ఆ రోజు బెంచీ మీద నన్నూ అడిగింది, నేను వచ్చి కూర్చున్నాను కదా. కానీ ఆ జాగా గోడ మీద ఉండాలి, నలుగురూ చూసేచోట ఉండాలి. మీరేమో దాన్ని తెచ్చి చెల్లెలి పెరట్లో, బేసిన్ కింద దాచిపెట్టి, మెరుగు పెడుతూ కూర్చున్నారు. నాకు ఒక్కసారి చూపించి ఉంటే చాలదా?

ఆమె ముందు ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ఆమె డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది, నేను ముఖం కడుక్కున్నాను.

తర్వాత గుడ్డ విప్పి, పిస్టన్‌ను రెండు చేతులతో పట్టుకుని మూడో దాని మీద పెట్టాను. నొక్కాల్సిన పని రాలేదు. నూనె మీద మెల్లగా, తన బరువుకు తనే దిగి, కడ్డీ కింద ఎక్కడో ఆనుకుని ఆగింది. నాలుగు మసి ముఖాల నడుమ ఒకటి తెల్లగా ఉంది.

చెల్లెలు చేతిలో చిన్న నూనె డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆదివారం కదా.

"ఇగ నూనె ఎందుకు అక్క. జాగ నిండింది గద."

నేను చెయ్యి చాచాను. డబ్బా ఇచ్చింది. ముందు ఒకటో దాని అంచు చుట్టూ వేశాను. తర్వాత రెండు, నాలుగు, ఐదు. చివర్న మూడు.

"తుప్పు పడుతుందమ్మా" అన్నాను. "వచ్చే ఆదివారం నేనే వచ్చి వేస్తాను."